చెప్పుకునే చోటు లేని పిల్లకే ముప్పెక్కువ

పన్నెండేళ్లు దాటిన పిల్లల మీద జరిగే హింస గురించి వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాం. పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాం.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. పేపరు తెరవాలంటేనే భయమేస్తోంది. చీకటి పడ్డాక బయటికి పంపడం లేదు, ట్యూషన్ కూడా మాన్పించాను. అసలు ఎలాంటి పిల్లలకి ప్రమాదం ఎక్కువ? ముందే పసిగట్టే వీలుందా?
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: అమ్మా, మీ భయం న్యాయమైనదే. కాకపోతే మీరు కాపలా కాస్తున్నది వీధి గుమ్మం, ముప్పు ఎక్కువగా వచ్చేది పెరటి గుమ్మం నుంచి. పిల్లల మీద లైంగిక నేరాలకు ఉన్న పోక్సో చట్టం కింద నమోదయ్యే అత్యాచార కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితుడు ఆ పిల్లకి ముందే తెలిసినవాడని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. బంధువు, పొరుగింటివాడు, కుటుంబ స్నేహితుడు, పని ఇచ్చినవాడు, ఆన్‌లైన్‌లో పరిచయమైనవాడు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రకటించిన అధ్యయనంలో 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగారు. వారిలో 53 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదురైందన్నారు. ఎక్కువగా బయటపడిన రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఇక ఎలాంటి పిల్లలకి అంటే, అన్నిటికన్నా బలమైన సూచన ఒకటుంది: ఇంతకుముందే ఒకసారి దెబ్బతిన్న పిల్లలు. అమెరికాలో డేవిడ్ ఫింకెల్‌హార్ బృందం ఏళ్ల తరబడి చేసిన పరిశోధనల్లో తేలింది ఇదే. ఒక రకం హింసకు గురైన పిల్లలకి ఇంకో రకం హింస ఎదురయ్యే అవకాశం బాగా ఎక్కువ. ఇంట్లో బెల్టు దెబ్బలు తినేవాడినే బడిలో కూడా ఏడిపిస్తారు, ఫోనులోనూ వాడి వెంటే పడతారు. ఇది తలరాత కాదు. దెబ్బలు తిన్న పిల్ల నోరు మూసుకోవడం నేర్చుకుంటుంది, కాస్త ప్రేమగా మాట్లాడినవాళ్లని గట్టిగా పట్టుకుంటుంది. చెడు ఉద్దేశం ఉన్నవాడు వెతికేది సరిగ్గా అలాంటి పిల్లనే. వాడు ఒక్కరోజులో తెగించడు. ముందు ఒక చిన్న బహుమతి ఇచ్చి ‘అమ్మకి చెప్పకు’ అంటాడు. తర్వాత పొరపాటున తగిలినట్టు చెయ్యి వేస్తాడు. ఆ సంగతి ఇంట్లో తెలిసిందా లేదా అని కనిపెడతాడు. తెలియలేదని రూఢి అయ్యాక ఇంకో అడుగు వేస్తాడు.

ఇంట్లో తాగుడు, భార్యను కొట్టడం ఉంటే పిల్లలకి ముప్పు పెరుగుతుంది. వాళ్ల ఒంటి మీద ఒక్క దెబ్బ పడకపోయినా ఇది నిజం. బడి మానేసి పత్తి విత్తనాల చేలలోకో, ఇటుక బట్టీకో, ఎవరింట్లోనో పనికి వెళ్లే పిల్లకి రోజూ చూసి ‘ఏమైందే?’ అని అడిగే టీచరు ఉండదు. వైకల్యం ఉన్న పిల్లలు, మగపిల్లల్లో కాస్త సున్నితంగా నడిచేవాళ్లు, మాట్లాడేవాళ్లు కూడా ముందు గురి అవుతారు. వేళల విషయానికొస్తే చీకటి కన్నా పెద్దవాళ్లు లేని సమయం ముఖ్యం. అమ్మానాన్న ఇద్దరూ పనికి వెళ్లే ఇంట్లో సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా అలాంటి సమయమే. పెళ్లిళ్లలో, జాతరల్లో ఎవరు ఏ గదిలో పడుకున్నారో తెలియని రాత్రులు కూడా అంతే.

ఇవన్నీ ముప్పు పెంచే పరిస్థితులు, పిల్ల చేసిన తప్పులు కావు. బట్టలు, నవ్వు, ఫోను ఈ లెక్కలోకి రావు.

ట్యూషన్ మాన్పించడం వల్ల మీ అమ్మాయిని గమనించే కళ్లు తగ్గాయి. అక్కడి మనిషి మీద అనుమానం ఉంటే మానేయడం సరే. లేకపోతే ఒక్కసారి చెప్పకుండా వెళ్లి చూడండి. తలుపు తెరిచి ఉందా, నలుగురు పిల్లలు కలిసి కూర్చుంటున్నారా, ఒక్కరినే ఆలస్యంగా ఉంచుతున్నారా అన్నవి గమనించండి. ఈ రాత్రే ఆమెను ఇంకో మాట అడగండి: ‘నాతో చెప్పలేని సంగతి ఏదైనా వస్తే ఎవరితో చెబుతావు?’ కనీసం ముగ్గురు పెద్దల పేర్లు రావాలి, వారిలో ఒకరైనా ఇంటి బయటివారై ఉండాలి. పిన్నో, మేనత్తో, పాత టీచరో ఎవరైనా ఫరవాలేదు. పేర్లు రాకపోతే కోప్పడకండి. ఆ ముగ్గురిని సంపాదించి పెట్టడమే మీ పని.

ప్రశ్న: మా వాడు పదో తరగతి. రెండుసార్లు చొక్కా చిరిగి వచ్చాడు, అడిగితే ఆడుకుంటూ పడ్డానంటాడు. మగపిల్లాడు, సర్దుకుంటాడులే అని వాళ్ల తాతయ్య అంటున్నారు. పట్టించుకోవాలా?
– ఒక తండ్రి, నిజామాబాద్

జవాబు: పట్టించుకోవాలి. నేను చెప్పిన 2007 అధ్యయనంలో లైంగిక వేధింపు ఎదురైనవారిలో సగానికి పైగా మగపిల్లలే, శారీరక హింసకు గురైనవారిలోనూ మగపిల్లలే ఎక్కువ. ‘మగాడివి, ఏడుస్తావా’ అనే ఇంట్లో ఆ సంగతి ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది.

చొక్కాతో పాటు ఇవి కూడా ఉన్నాయేమో చూడండి: చేతి ఖర్చు డబ్బులు త్వరగా అయిపోవడం, ఇంట్లో చిన్న మొత్తాలు మాయం కావడం, బడికి చుట్టు దారిలో వెళ్లడం, రోజంతా మూత్రానికి వెళ్లకుండా ఇంటికి రాగానే బాత్రూమ్‌కి పరుగెత్తడం. చివరిది చాలామంది గమనించరు. బడిలో కొట్టుకోవడాలు, బెదిరింపులు ఎక్కువగా మూత్రశాలల దగ్గర, సైకిల్ స్టాండు దగ్గర, బస్సు వెనక సీట్లలో జరుగుతాయి. పెద్దల చూపు ఆనని చోట్లు అవి. ‘ఎవడు కొట్టాడు?’ అని అడిగితే నోరు విప్పడు. ‘బడిలో నువ్వు వెళ్లడానికి ఇష్టపడని చోటు ఏది?’ అని అడగండి. చోటు చెప్పాక మనిషి పేరు దానంతట అదే వస్తుంది. హెడ్మాస్టరుకి తేదీలతో రాతపూర్వకంగా ఇచ్చి, ఆ చోట ఆ వేళకి ఒక టీచరు ఉండాలని అడగండి. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి ‘షేక్‌హ్యాండ్ ఇచ్చుకోండి’ అనిపించే రాజీ వద్దు. దాని దెబ్బ మర్నాడు వీడి మీదే పడుతుంది.

బ్యాగులో బ్లేడో చాకో కనిపిస్తే తేలిగ్గా తీసుకోవద్దు. భయంతో పెట్టుకున్నా సరే, ఆయుధం ఉన్న గొడవలో అది పెట్టుకున్నవాడికే గాయమయ్యే ప్రమాదం పెరుగుతుంది.

తలకి దెబ్బ తగిలితే 24 గంటలు కనిపెట్టి ఉండండి. పదేపదే వాంతులు, పెరిగే తలనొప్పి, లేపితే సరిగా లేవకపోవడం, మాట తడబడటం, ముక్కు నుంచో చెవి నుంచో నీరు లేదా రక్తం కారడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ప్రశ్న: నాకు పదహారేళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం. మూడు నెలలుగా ఒకడు బస్టాపు నుంచి కాలేజీ దాకా వెంట వస్తున్నాడు. వద్దని చెప్పాను. నేను ఒప్పుకోకపోతే చచ్చిపోతానంటున్నాడు. ఒక్కసారి విడిగా వచ్చి మాట్లాడమంటున్నాడు. ఇంట్లో చెబితే చదువు మాన్పిస్తారు.
– ఖమ్మం

జవాబు: తల్లీ, అన్నిటికన్నా ముందు ఒక మాట. ఆ ‘ఒక్కసారి’ మాట్లాడటానికి వెళ్లకు. చివరిసారి మాట్లాడదాం అని ఒంటరిగా పిలిచి దాడి చేసిన ఘటనలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. స్నేహితురాలిని వెంట తీసుకుని కూడా వెళ్లవద్దు. వద్దని నువ్వు ఒకసారి చెప్పావు, అది చాలు. మళ్లీ మళ్లీ జవాబిస్తే, ‘పది ఫోన్లు చేస్తే ఒకసారి ఎత్తుతుంది’ అని వాడికి అర్థమవుతుంది.

చచ్చిపోతాననడం ప్రేమకు గుర్తు కాదు, అది బెదిరింపు. వాడి ప్రాణానికి నువ్వు పూచీ కాదు. వెంటపడేవాళ్లలో ప్రమాదం ముదురుతోందనడానికి కొన్ని గుర్తులుంటాయి: నంబర్లు మార్చి ఫోన్ చేయడం, నీ టైంటేబుల్ స్నేహితుల దగ్గర ఆరా తీయడం, ఇంటి దగ్గర కనిపించడం, చస్తాననడం నుంచి చంపుతాననే దాకా మాట మారడం, చెయ్యి పట్టుకు లాగడం, గొంతు పట్టుకోవడం. చివరిది ఒక్కసారి జరిగినా అది ప్రాణాపాయ సూచనే. ఆ నిమిషమే అత్యవసర నంబరు 112కి ఫోన్ చెయ్యాలి.

ఈ రోజు నుంచి ఒక నోటుపుస్తకం పెట్టు. తేదీ, సమయం, చోటు, వాడు అన్న మాట, పక్కన ఎవరున్నారు, బండి నంబరు. ఒక్కో సంఘటనకి రెండు లైన్లు చాలు. మెసేజీలు తుడిచేయకు. ఫిర్యాదు చేసేటప్పుడు ‘రోజూ వేధిస్తున్నాడు’ అనే మాట కన్నా ఆ పది లైన్లకి బలం ఎక్కువ. నీకు పద్దెనిమిది నిండలేదు కాబట్టి లైంగిక ఉద్దేశంతో పదేపదే వెంటపడటం పోక్సో చట్టం 11వ సెక్షన్ కింద నేరం, దానికి మూడేళ్ల దాకా జైలు. తెలంగాణలో షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు 2014 నుంచి ఇదే పని చేస్తున్నాయి. ఆంధ్రలో ఉన్న పిల్లలైతే అక్కడి పోలీసుల శక్తి బృందాలను అడగవచ్చు. నువ్వు ఇంకా మైనరువి కాబట్టి పిల్లల సహాయ నంబరు 1098కి నువ్వే ఫోన్ చేయవచ్చు, డబ్బు పడదు.

ఇంట్లో చెప్పడం తప్పదు. ఎలా చెప్పాలన్నదే అసలు ప్రశ్న. అమ్మతో నేరుగా చెప్పలేకపోతే అమ్మ మాట వినే మనిషిని ముందు పట్టుకో. పిన్నో, అమ్మమ్మో, కాలేజీలో మేడమో. నోటుపుస్తకం చూపించి ‘నేను చదువు మానను, ఇది ఆపడానికి మీ సాయం కావాలి’ అను.

ఇది చదివే తల్లిదండ్రులకి ఒక మాట. ఈ అమ్మాయి మూడు నెలలు నోరు మూసుకున్నది వాడికి భయపడి కాదు, మీరు చదువు మాన్పిస్తారని. ఆ భయం వల్ల వాడికి మూడు నెలలు దొరికాయి.

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేనేళ్లు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరో అమ్మాయి పేరుతో వీడియో కాల్ చేసి, వీడి నగ్న వీడియో తీసి డబ్బు అడుగుతున్నారు. నా ఫోన్‌పే నుంచి ఇప్పటికే మూడు వేలు పంపాడు. సిగ్గుతో చచ్చిపోతానంటున్నాడు.
– ఒక తల్లి, భీమవరం

జవాబు: ముందు పిల్లవాడి పక్కన కూర్చోండి. ఈ రాత్రి వాణ్ణి ఒంటరిగా వదలవద్దు. ‘నువ్వు మోసపోయావు, తప్పు వాళ్లది, వీడియో కన్నా నువ్వు నాకు ముఖ్యం’ అని ఆ మాటలే అనండి. చావు మాట పట్టుబట్టి మళ్లీ మళ్లీ అంటుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ పనిచేస్తుంది.

ఇక డబ్బు ఒక్క రూపాయి కూడా పంపవద్దు. పంపేకొద్దీ వీళ్ల దగ్గర ఇంకా ఉంది అనుకుని అడిగే మొత్తం పెంచుతారు. చాలామంది ఇక్కడ చేసే పొరపాటు, భయంతో చాటింగ్ అంతా తుడిచేసి అకౌంట్ మూసేయడం. దాంతో ఆధారం పోతుంది. ముందు బెదిరింపు మెసేజీలు, అవతలి అకౌంట్ యూజర్‌నేమ్, ప్రొఫైల్ లింకు, ఫోన్ నంబరు, యూపీఐ ఐడీ స్క్రీన్‌షాట్లు తీయండి. డబ్బు పంపిన లావాదేవీలో 12 అంకెల యూటీఆర్ నంబరు ఉంటుంది, అది రాసుకోండి. తర్వాత సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేసి ఆ నంబరు చెప్పండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఇవన్నీ అయ్యాకే ఆ అకౌంట్‌ని రిపోర్ట్ చేసి బ్లాక్ చేయండి.

ఒక్క జాగ్రత్త. ఆ నగ్న వీడియోను మీ ఫోనుకి పంపుకోవద్దు, సలహా కోసం మీ తమ్ముడికో లాయరుకో వాట్సాప్ చేయవద్దు. మైనరు నగ్న చిత్రాన్ని పంపడం ఐటీ చట్టం 67బి కింద నేరం, తల్లి పంపినా. అది పిల్లవాడి ఫోనులోనే ఉంచి పోలీసులకి చూపించండి.

పద్దెనిమిదేళ్ల లోపువారి చిత్రాలు వ్యాపించకుండా ఆపడానికి అమెరికాలోని పిల్లల రక్షణ సంస్థ ఒకటి 2023 నుంచి ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ నడుపుతోంది. ఏ దేశం నుంచైనా వాడుకోవచ్చు, పేరు చెప్పనక్కర లేదు. చిత్రం ఫోను దాటి బయటికి పోదు. దాని డిజిటల్ వేలిముద్ర లాంటిది మాత్రం వెళుతుంది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటి వేదికలు దానితో పోల్చి ఆ చిత్రాన్ని అడ్డుకుంటాయి. వాట్సాప్‌లో ప్రైవేటుగా పంపుకునే వాటిని అది ఆపలేదు.

ప్రశ్న: మేం కూలికి చెన్నై వెళుతున్నాం. అమ్మాయిని ఏడో తరగతిలో హాస్టల్లో చేర్చాం. ఏం చూసుకోవాలి?
– శ్రీకాకుళం జిల్లా

జవాబు: చేర్చిన రోజు గేటు దగ్గర నుంచే తిరిగి రాకండి. స్నానాల గది, మరుగుదొడ్డి తలుపులకి లోపలి గడియ ఉందో లేదో చూడండి. రాత్రి పూట ఆడ వార్డెను లోపలే పడుకుంటుందా, వంటవాళ్లు, వాచ్‌మన్ ఎంతవరకు రావచ్చు అని అడగండి. ఎవరు వస్తే పిల్లను బయటికి పంపాలో ఫొటోలతో రాసి ఇవ్వండి. ఆ జాబితాలో లేని ‘మావయ్య’ వస్తే పంపకూడదని రాయించి సంతకం తీసుకోండి. పిల్లలను బయటికి తీసుకుపోయే దారుల్లో ఇది అతి తేలికైనది.

వార్డెను పక్కన నిలబడి వినే ఫోనులో ఏ పిల్లా నిజం చెప్పదు. అందుకే ఒక గుర్తు మాట పెట్టుకోండి. ‘నాకు కందిపొడి పంపు’ అంటే ‘వెంటనే రా’ అని అర్థం. ఆ మాట వినిపించిన రోజు కూలి పోయినా బయల్దేరాలి. ఒకసారి రాకపోతే ఆ గుర్తు ఇక పనిచేయదు. మీరు చెన్నైలో ఉంటారు కాబట్టి హాస్టలుకి గంటలో చేరగల బంధువు ఒకరు మీ తరఫున నెలకోసారి చెప్పకుండా వెళ్లాలి. మొదటి రెండు నెలలు ఇంకా ఎక్కువ కనిపెట్టాలి. కొత్తగా వచ్చిన, ఇంకా స్నేహితులు లేని పిల్లల జోలికే ముందు పోతారు.

కొడితే? విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. ‘రెండు దెబ్బలేసి చదివించండి సార్’ అని మాత్రం మీరే అనకండి.

ప్రశ్న: జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచర్ని. ఎనిమిదో తరగతి పాప తన బాబాయి సంగతి నాకు చెప్పి, ఎవరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకుంది. ఏం చేయాలి?
– నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: ఆ ఒట్టు నిలబెట్టుకునే వీలు మీకు లేదు. ఆ మాట ఆ పాపకి ఈ రోజే నెమ్మదిగా చెప్పాలి. ‘నువ్వు చెప్పి మంచి పని చేశావు. తప్పు నీది కాదు. దీన్ని ఆపాలంటే ఆపగలవాళ్లకి నేను చెప్పాలి. ఎవరికి చెబుతానో నీకు ముందే చెబుతాను.’ ఇంతే. ‘ఎందుకు ముందే చెప్పలేదు’, ‘నువ్వెందుకు వెళ్లావు’ అనవద్దు. వివరాలు గుచ్చి గుచ్చి అడగవద్దు. ఒకే సంగతి నలుగురికి నాలుగుసార్లు చెప్పించడం వల్ల పాప నలిగిపోతుంది, కోర్టులో మాటలు పొంతన కుదరక కేసూ బలహీనపడుతుంది. ఆమె అన్న మాటలు అన్నట్టే, తేదీ, సమయంతో రాసిపెట్టండి.

పోక్సో 19వ సెక్షన్ ప్రకారం ఇలాంటి సంగతి తెలిసినవారెవరైనా పోలీసులకి తెలపాలి. హెడ్మాస్టరుకి చెప్పేశాను అంటే మీ బాధ్యత తీరదు. తెలపకపోతే ఆరు నెలల దాకా జైలు, సంస్థ అధిపతి తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిపెడితే ఏడాది దాకా. 1098కి కూడా తెలపండి. ముందుగా ఇంటికి కబురు చేయవద్దు. నిందితుడు ఆ ఇంటివాడే అయినప్పుడు సాయంత్రానికల్లా పాప నోరు మూయిస్తారు. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి తెలపాలి. పాపకి తోడుగా ఒక సహాయకుణ్ణి నియమించేది, ఆ రాత్రి ఆమె ఎక్కడుండాలో తేల్చేది ఆ కమిటీయే. వాంగ్మూలం ఇంటి దగ్గరో, పాపకి ఇష్టమైన చోటో తీసుకోవాలి. పోలీసులు యూనిఫాంలో రాకూడదు, రాత్రి స్టేషన్లో ఉంచకూడదు.

సంఘటన ఈ మూడు రోజుల్లోనే జరిగి ఉంటే ప్రతి గంటా విలువైనదే. గర్భం రాకుండా ఇచ్చే మాత్ర, హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపే మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మంచిది. వీలైతే స్నానం చేయించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బట్టలు మార్చి ఉంటే ఉతకకుండా కాగితం సంచిలో పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో తేమ పట్టి ఆధారం పాడవుతుంది. ఎఫ్‌ఐఆర్ తెస్తేనే చూస్తాం అనే హక్కు ఏ ఆసుపత్రికీ లేదు. ప్రైవేటు ఆసుపత్రి అయినా ఉచితంగా వైద్యం చేయాలి. బాలికను మహిళా డాక్టరే పరీక్షించాలి. ‘రెండు వేళ్ల పరీక్ష’ చేయరాదని సుప్రీంకోర్టు 2022లో మరోసారి గట్టిగా చెప్పింది. మూడు రోజులు దాటినా, పాత సంగతైనా వైద్యం అవసరమే, ఫిర్యాదూ చెల్లుతుంది.

ప్రశ్న: మా అక్క కూతురికి పదహారు. తండ్రి లేడు. కాలం బాగాలేదు, ఒకరి చేతిలో పెడితే భద్రంగా ఉంటుందని పెళ్లి చేయబోతున్నారు. ఎలా ఆపాలి?
– కర్నూలు జిల్లా

జవాబు: హింస నుంచి కాపాడతామంటూ పిల్లను అందులోకే పంపడం ఇది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20–24 ఏళ్ల మహిళల్లో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. చదువు ఆగి, పుట్టింటికి దూరమై, చేతిలో రూపాయి లేని పదహారేళ్ల పిల్ల భర్త కొట్టినా ఎవరికీ చెప్పుకోలేదు. పద్దెనిమిది లోపు భార్యతో సంసారం కూడా చట్టం దృష్టిలో అత్యాచారమేనని మీ అక్కకి, పెళ్లికొడుకు తల్లికి చెప్పండి. రెండో ఆవిడకే ఆ మాట బాగా ఎక్కుతుంది. వినకపోతే ముహూర్తానికి ముందే 1098కి ఫోన్ చేయండి, మీ పేరు బయటపెట్టరు. పెళ్లి జరిగిపోయినా, ఆ పిల్లకి ఇరవై ఏళ్లు నిండేలోపు కోర్టులో దాన్ని రద్దు చేయించుకోవచ్చు.

ప్రశ్న: మా పాపకి పద్నాలుగేళ్లు, పుట్టుకతో వినపడదు, మాట రాదు. ఇలాంటివి ఎలా నేర్పాలి?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: శరీర భాగాలన్నిటికీ, రహస్య భాగాలతో సహా, సైగ నేర్పించండి. చాలా ఇళ్లలో అన్నానికి, నీళ్లకి, నిద్రకి సైగ ఉంటుంది గానీ వీటికి ఉండదు. సైగ లేని పిల్ల జరిగింది చెప్పలేదు, అది తెలిసినవాడికి ధైర్యం వస్తుంది. ‘వద్దు’, ‘ముట్టుకున్నాడు’, ‘నొప్పి’, ‘ఎవరు’ అనే నాలుగు సైగలు ఇంట్లో అందరికీ రావాలి. ‘ఎవరు’కి జవాబుగా వేలు పెట్టి చూపడానికి ఇంటికి వచ్చిపోయేవాళ్లందరి ఫొటోలు, ఆటో డ్రైవరుతో సహా, ఒక చిన్న ఆల్బమ్‌లో పెట్టండి. స్నానం చేయించడం, బట్టలు మార్చడం ఈ వయసులో పాప తనంతట తను చేసుకోవాలి. సాయం తప్పనిసరైతే ఆ పని ఎవరు చేస్తారో ఒక్కరి పేరు ఖాయం చేయండి. ఎప్పుడైనా ఫిర్యాదు చేయాల్సి వస్తే సైగల భాష తెలిసినవారిని పిలిపించమని అడగండి. పోలీసుల దగ్గరా, కోర్టులోనూ ఆ సాయం పొందే హక్కును పోక్సో చట్టం ఇచ్చింది. మీ పాప సైగలు ఇంటివరకే పరిమితమైనవి అయితే, ఆ సైగలు తెలిసిన టీచరును కూడా అక్కడ కూర్చోబెట్టమని అడగవచ్చు.